అగ్రిమెంటు లేదు, ఏళ్లుగా అదే అద్దె: గొడవ లేకుండా, న్యాయంగా పెంచడం ఎలా?

మా ఇల్లు హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు. అందులో ఒకదానిలోకి 2014లో ఒక కుటుంబం దిగింది. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి తర్వాత రిటైరయ్యారు. అప్పుడు అద్దె 6,500. నాన్న 2017లో ఒకసారి అడిగి 8,000 చేశారు. అంతే, ఆ తర్వాత ఎవరూ ఆ మాటెత్తలేదు. అగ్రిమెంటు లేదు, రసీదు లేదు. ఒకటో తారీఖున డబ్బులు మాత్రం వచ్చేవి.

నాన్న పోయాక ఇంటి లెక్కలు నా చేతికొచ్చాయి. 2023లో పక్క వీధిలో ఇలాంటి పోర్షనే 13,500కు ఇచ్చారని తెలిసి, ఒక నెల 28వ తారీఖు రాత్రి వాట్సాప్‌లో ‘వచ్చే నెల నుంచి 12,000 పంపండి’ అని పెట్టేశాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. ఒకటో తారీఖున ఫోన్‌పేలో ఎప్పటిలాగే 8,000 వచ్చింది. మూడో రోజు మెట్ల దగ్గర ఎదురుపడి ఆయన ఒక్కటే అన్నారు: “తమ్మీ, మీ నాయిన ఏదన్నా ఉంటే పైకొచ్చి, చాయ్ తాగి చెప్పేటోడు. నువ్వు ఫోన్ల పెట్టినవ్.”

నేనడిగింది వీధి రేటు కంటే తక్కువే. అయినా తప్పు నాదే. ఆరేళ్లు అడగకుండా ఊరుకున్నది మేము. ఆ ఆరేళ్ల తేడాను పాత బాకీ వసూలు చేసినట్టు ఒక్క రాత్రిలో రాబట్టాలని చూశాను. మీ ఇంట్లోనూ ఏళ్లుగా ఉంటున్నవాళ్లు, కాగితం లేని అద్దె ఉంటే, నేను రెండోసారి ఎలా చేశానో, ఇప్పుడైతే ఎలా చేస్తానో వరసగా చెప్తాను.

ముందు చట్టం ఎక్కడుందో చూసుకోండి

అగ్రిమెంటు లేకపోతే హక్కులూ లేవని కొందరు ఓనర్లు అనుకుంటారు. కొందరు కిరాయిదారులూ అలాగే అనుకుంటారు. రెండూ తప్పే. రాతకోతలు లేకుండా నెలనెలా అద్దె తీసుకుంటూ ఇల్లిస్తే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దాన్ని నెలవారీ అద్దెగా చూస్తుంది. ఆ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం ఇటువైపు వాళ్లయినా, అటువైపు వాళ్లయినా దాన్ని ముగించాలంటే రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఇక్కడ గమనించాల్సింది, ఆ నోటీసు అద్దెను ముగించడానికే గాని పెంచడానికి కాదు. అద్దె మీ ఇద్దరి మధ్య ఒప్పందం. నోటిమాటైనా అది ఒప్పందమే. అవతలివాళ్లు ఒప్పుకుంటేనే అంకె మారుతుంది. ఒప్పుకోకపోతే మీ చేతిలో ఉన్న దారి ఖాళీ చేయమని నోటీసివ్వడం, అప్పటికీ చేయకపోతే కోర్టుకెళ్లడం. ఇది ముందే తెలిస్తే మాట దానంతటదే మెత్తబడుతుంది.

నగరంలో అద్దె పెంపుకు, ఖాళీ చేయించడానికి హద్దులు పెట్టే రెంట్ కంట్రోల్ చట్టం కూడా ఉంది, 1960 నాటిది. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు. కాబట్టి ఇప్పుడు మామూలు పోర్షన్లు, ఫ్లాట్లు దాదాపు అన్నీ దాని బయటే ఉంటాయి. అబిడ్స్, సుల్తాన్‌బజార్, పాతబస్తీ వైపు తాతల కాలంలో ఇచ్చిన మడిగె (దుకాణం గది) ఏదైనా ఇంకా రెండు మూడు వేలకే నడుస్తుంటే మాత్రం ఈ వ్యాసం మీకు చాలదు. సరైన అద్దె నిర్ణయించమని రెంట్ కంట్రోలర్ దగ్గరకు వెళ్లాల్సిన వ్యవహారం అది. వకీలును కలవండి.

ఇంకో భయం గురించి కూడా చెప్పాలి. ‘పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందట’ అని మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు నన్ను భయపెట్టారు. మీ అనుమతితో, మీకు అద్దె కడుతూ ఉంటున్న మనిషి ఎన్నేళ్లున్నా అద్దెకున్నవాడే. అనుమతితో ఉండటాన్ని చట్టం ఆక్రమణగా చూడదు. ఆ భయంతో మాత్రం అద్దె పెంచొద్దు, ఎవరినీ పంపేయొద్దు. అద్దె కడుతున్నట్టు రుజువు ఉంచుకుంటే చాలు. రసీదు గాని, బ్యాంకు ఎంట్రీ గాని.

పాత లెక్క బయటికి తీయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. వాళ్లు ఏ సంవత్సరంలో దిగారు, అప్పుడు ఎంత, ఎప్పుడెప్పుడు పెంచారు, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఇవన్నీ రాయండి. మీకు గుర్తులేకపోతే వాళ్లనే అడగండి. వాళ్లకు గుర్తుంటుంది.

పక్కన ఇంకో వరస రాయండి. ఆ ఇంటికి వాళ్లు పెట్టింది ఏంటి? మా పైవాళ్లు కిటికీలన్నింటికీ దోమల జాలీ వాళ్ల డబ్బుతోనే వేయించుకున్నారు. గీజరు పాయింటు వాళ్లదే. రెండుసార్లు సున్నం వేయించుకున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మా వీధిలో ఇంటికో టులెట్ బోర్డు వేలాడింది, జనం సామాన్లు సర్దుకుని ఊళ్లకెళ్లిపోయారు. అప్పుడు కూడా మా పైనుంచి ఒక్క నెలా అద్దె ఆగలేదు. ఇదంతా లెక్కలో రాకపోవచ్చు గాని, కాగితం మీద రాసుకుంటే నోటి నుంచి వచ్చే మాట మారుతుంది. నాకు మారింది.

మూడో వరస మీ ఖర్చులు. ఇంటిపన్ను, మోటారు కరెంటు, బోరు రిపేర్లు, సంపు కడిగించడం, వేసవిలో ట్యాంకర్లు. నిజంగా పెరిగినవి మాత్రమే రాయండి. నల్లా కనెక్షన్‌కు నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితం అన్న పథకం 2021 నుంచి నడుస్తోంది. మీ నల్లా బిల్లు సున్నా వస్తుంటే ‘నీళ్ల ఖర్చు పెరిగిపోయింది’ అని పైవాళ్లకు చెప్పకండి. వాళ్లూ పేపరు చదువుతారు.

అలాగే తెల్లకార్డు ఉన్న కిరాయిదారుకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు కరెంటు బిల్లు జీరో వస్తుంటే అది వాళ్లకొచ్చిన సాయం. ‘మీకు కరెంటు ఫ్రీయే కదా, ఓ ఐదొందలు ఎక్కువివ్వండి’ అన్న ఓనర్లను చూశాను. నా వరకు అది పెంపు కాదు, పేదవాడి సాయంలో వాటా అడగడం.

వీధిలో అడగండి

ఆన్‌లైన్‌లో కనిపించే అద్దెలు ఓనర్లు అడుగుతున్న అంకెలు. చివరికి ఎంతకు ఇచ్చారో అక్కడ ఉండదు. అసలు రేటు తెలియాలంటే నాలుగు వీధులు తిరగాలి. టులెట్ బోర్డు మీద నంబరుకు ఫోన్ చేసి అడగండి. కిరాణా షాపులో, ఇస్త్రీ బండి దగ్గర, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడగండి. మా వీధిలో ఎవరి పోర్షన్ ఎంతకు పోయిందో ఇస్త్రీ చేసేవాళ్లకు తెలిసినంతగా ఏ బ్రోకరుకూ తెలియదు.

పోల్చేటప్పుడు నిజాయితీగా పోల్చాలి. డబుల్ బెడ్‌రూమ్ అంటే అన్నీ ఒకటి కావు. లిఫ్ట్ లేని మూడో అంతస్తు, ఏప్రిల్ మేల్లో పొయ్యిలా కాలే పైకప్పు కింద ఇల్లు, కారు పెట్టడానికి చోటులేని ఇరుకు సందు, బోరు నీళ్లే దిక్కైన కాలనీ, వీటన్నింటికీ రేటు తగ్గుతుంది. మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగితే పెరుగుతుంది. గచ్చిబౌలి, కొండాపూర్ అద్దెలు చూసి మల్కాజిగిరిలోనో సైదాబాద్‌లోనో అద్దె నిర్ణయించకండి. అక్కడి జీతాలు వేరు.

నాలుగైదు అంకెలు దొరికాక అన్నిటికంటే కింది అంకె తీసుకోండి. అదే మీరు దాటకూడని హద్దు, దానికి దగ్గరగా వెళ్లడం కూడా అవసరం లేదు. ఎందుకంటారా? ఆ బోర్డు రేటు కొత్తగా వచ్చేవాళ్లకు. కొత్త రంగులు వేసి, కుళాయిలు మార్చి ఇస్తున్న ఇంటికి. మీరు ఏళ్ల కిందటి రంగుల మధ్య ఉంటున్నవాళ్లను అడుగుతున్నారు.

ఎంత పెంచాలి

ఇది అసలు విషయం. కాస్త నిదానంగా చూద్దాం.

హైదరాబాద్‌లో అగ్రిమెంట్లు రాసుకునేవాళ్లు ఏటా 5 నుంచి 10 శాతం పెంపు అని రాసుకోవడం మామూలు. నేను చేసిన లెక్క: 2017లో ఉన్న 8,000 మీద నాన్న ఏటా 5 శాతం పెంచుకుంటూ వచ్చి ఉంటే 2023కి ఎంతయ్యేది? దాదాపు 10,700. 2024కి 11,250. మధ్యలో ఎవరూ అడగకపోయినా ఆ మనిషి మనసులో ‘ఇంత అయి ఉండేది’ అని ఒప్పుకోగలిగిన అంకె ఇదే. పక్క వీధి 13,500 ఆయనకు సంబంధం లేని అంకె.

తర్వాతి ప్రశ్న, 8,000 నుంచి ఒకేసారి 10,700కు వెళ్లొచ్చా? అంటే మూడో వంతు పెంపు. పింఛను మీద, చిన్న జీతం మీద నడిచే ఇంట్లో నెలకు 2,700 అంటే కూరగాయల ఖర్చో, పిల్ల కాలేజీ బస్సు ఖర్చో అక్కడికి సరి. కాబట్టి రెండు మెట్లు పెట్టాను. మొదటి ఏడాది 9,500. రెండో ఏడాది 11,000. మూడో ఏడాది నుంచి ఏటా 5 శాతం. రెండో మెట్టు కూడా నా 5 శాతం లెక్క కంటే కిందే ఉంది, చూశారు కదా. గడిచిన ఆరేళ్ల తేడా మొత్తం వదిలేసినట్టే. అది మా బద్ధకానికి మేం కట్టిన జరిమానా అనుకున్నాను.

‘ఇంత తగ్గించి ఇవ్వడం దానధర్మమా?’ అని మా బావమరిది ఎగతాళి చేశాడు. అతనికోసం ఇంకో లెక్క వేశాను. మీరూ మీ అంకెలతో వేసి చూడండి. పాతవాళ్లు వెళ్లిపోయి కొత్తవాళ్లు 13,500కు వచ్చారనుకుందాం. మధ్యలో ఒకటిన్నర నెల ఖాళీ. ఆ కాలానికి పాతవాళ్లిచ్చే 9,500 లెక్కన పోయేది 14,250. రంగులు, ప్లంబింగు, బాత్రూమ్ రిపేర్లకు మేస్త్రీ చెప్పింది 22,000. బ్రోకరుకు సగం నెల అద్దె, 6,750. మొత్తం 43,000. కొత్త అద్దెతో నెలకు ఎక్కువొచ్చేది 4,000. అంటే దాదాపు 11 నెలల పాటు వచ్చే ఎక్కువ డబ్బంతా ఈ ఖర్చుకే సరి. కొత్తవాళ్లు ఉద్యోగం మారి ఏడాదికే ఖాళీ చేస్తే మళ్లీ మొదటికి. పైగా ఎవరొస్తారో, అర్ధరాత్రి గేటు ఎన్నిసార్లు తీయాలో తెలియదు. బావమరిది ఇంకేం మాట్లాడలేదు.

దీనర్థం ఎప్పటికీ పెంచకూడదని కాదు. తేడా మరీ ఎక్కువగా ఉంటే, అంటే మీ అద్దె వీధి రేటులో సగం కూడా లేకపోతే, మూడు మెట్లు పెట్టుకోండి. కాలం తీసుకోండి గాని మానేయొద్దు. ఇంకో పదేళ్లు అలాగే వదిలేస్తే ఆ బరువు మీ పిల్లల మీద పడుతుంది. అప్పుడు వాళ్లూ నాలాగే రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడతారు.

ఒక్కటి మాత్రం కలపకండి. అద్దె పెంచేటప్పుడే అడ్వాన్స్ కూడా పెంచమని అడగొద్దు. మన దగ్గర రెండు నెలల అద్దె అడ్వాన్స్ మామూలు. ‘కొత్త అద్దెకు తగ్గట్టు తేడా కట్టండి’ అంటే, ఒకే నెలలో రెండు దెబ్బలు.

అడిగే ముందు ఇల్లు చూడండి

మీరే పైకెళ్లి, పెంపు మాట ఎత్తకుండా, ‘రిపేర్లేమైనా ఉన్నాయా’ అని అడిగి చూడండి. బాత్రూమ్ గోడ చెమ్మ, వానాకాలం పైకప్పు కారడం, వంటింటి సింకు లీకు, ట్యాంకు మూత. ఇలాంటివి ఏళ్లుగా చెప్పీ చెప్పీ వాళ్లే విసిగిపోయి ఉంటారు. ముందు అవి చేయించండి. చేయించిన నెలకో రెండు నెలలకో అద్దె మాట తీయండి. ‘అద్దె పెంచితే రిపేరు చేయిస్తా’ అన్న బేరం పెట్టొద్దు. కారని పైకప్పు వాళ్లు ఇప్పటికే కడుతున్న అద్దెలో భాగం.

ఎప్పుడు చెప్పాలి

ఫిబ్రవరి చివర గాని మార్చిలో గాని చెప్పి, జూన్ నుంచి అమలు చేయడం నాకు తెలిసినంతలో మంచి పద్ధతి. బడులు జూన్‌లో తెరుస్తారు. కుదరదనుకుంటే వాళ్లకు వేసవి సెలవుల్లో ఇల్లు వెతుక్కునే వీలుంటుంది, పిల్లల పరీక్షలు చెడవు. ప్రైవేటు ఉద్యోగులకు చాలాచోట్ల ఏప్రిల్‌లోనే జీతం పెరుగుతుంది. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించరు, మూఢమొస్తే కదలరు. ఆ సమయంలో ‘ఒప్పుకుంటారా, వెళ్తారా’ అని అడిగితే వెళ్లే దారి మూసి అడిగినట్టు. వాళ్లు ఒప్పుకున్నా అది మనసుతో ఒప్పుకున్నది కాదు.

మూడు నెలల ముందు చెప్పడం నా సొంత ఆలోచన కూడా కాదు. 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టంలో, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే అద్దె మార్చడానికి మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. కానీ ఎంత గడువు న్యాయం అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక కొలత.

వాళ్లింట్లో పెళ్లి, చావు, ఆసుపత్రి, ఉద్యోగం పోవడం లాంటివి నడుస్తుంటే ఆగండి. నెలకు 1,500 పెంపు లెక్కన ఆరు నెలలు ఆగితే మీకు పోయేది తొమ్మిది వేలు.

ఎలా చెప్పాలి

ముందు ఫోన్ చేసి ‘ఆదివారం సాయంత్రం ఇంట్లో ఉంటారా, అద్దె విషయం మాట్లాడాలి’ అని చెప్పండి. విషయం ముందే తెలిస్తే వాళ్లూ సిద్ధపడతారు. గేటు దగ్గర, మెట్ల మీద, చుట్టాల ముందు, పిల్లల ముందు వద్దు. భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడు వెళ్లండి. ఒక్కరికే చెప్తే ఆ ఒక్కరు ఇంకొకరికి మీ తరఫున చెప్పుకోవాల్సి వస్తుంది, అది వాళ్లకు అనవసరమైన టెన్షన్. లెక్క రాసిన కాగితం తీసుకెళ్లండి.

నేను దాదాపు ఇలా మొదలుపెట్టాను: “అన్నా, ఆ రోజు మెసేజ్ పెట్టడం నా తప్పు. ఆ అంకె వదిలెయ్యండి. 2017 నుంచి 8,000 మీదే ఉన్నాం. ఏటా ఐదు శాతం వేసినా ఇంతయ్యేది, చూడండి. నేను అంత అడగడం లేదు. జూన్ నుంచి 9,500, వచ్చే జూన్ నుంచి 11,000. ఇప్పుడే చెప్పక్కర్లేదు. వదినతో మాట్లాడుకుని పది రోజుల్లో చెప్పండి.”

ఆయన కాగితం చూసి, కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూశారు. “తొమ్మిది చెయ్యి తమ్మీ” అన్నారు. బేరం రాకపోతే ఆశ్చర్యపోవాలి గాని వస్తే చిన్నబుచ్చుకోకూడదు. కాబట్టి మీ మనసులో కాస్త సందు ఉంచుకుని వెళ్లండి. అయితే మరీ ఎక్కువ చెప్పి తగ్గించడం వద్దు. అలా చేస్తే మీ కాగితం అబద్ధమైపోతుంది. నేను అంకె తగ్గించలేదు, నెల జరిపాను. జూన్ బదులు ఆగస్టు. ఆయనకు అదే పెద్ద సాయమైంది, కూతురి కాలేజీ ఫీజు జూన్, జులైల్లో పడుతుందట. అంకె మీద పట్టుబడినప్పుడు తేదీ మీద సర్దుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

కొన్ని మాటలు అసలు అనొద్దు. ‘ఎవరొచ్చినా పద్నాలుగు వేలిస్తారు.’ ‘ఇన్నేళ్లు తక్కువకే ఉన్నారు కదా.’ ‘మీ ఇష్టం, లేకపోతే చూసుకోండి.’ మొదటిది నిజమే కావచ్చు, కానీ ఆ మాట తర్వాత వాళ్లు రోజూ మెట్లెక్కేటప్పుడు మీకు అడ్డమున్నట్టు అనుకుంటారు. రెండోదానికి జవాబు ‘మీరు అడగలేదు’ అన్నదే. దానికి మీ దగ్గర మాట ఉండదు.

ఇంకోటి. మీకు నిజంగా ఇల్లే కావాలంటే, అబ్బాయి పెళ్లవుతోంది, పోర్షన్ మాకే కావాలి అనుకుంటే, అదే చెప్పండి. వాళ్లంతట వాళ్లే వెళ్లిపోవాలని మోయలేని అద్దె చెప్పడం చాలామంది చేసే పనే. కానీ వాళ్లు కష్టపడి ఆ అద్దెకు ఒప్పుకుంటే ఏం చేస్తారు?

ఒప్పుకున్నాక కాగితం

వాళ్లు సరేనన్నాక మాట మీద వదిలేయొద్దు. మొదటిసారి అంతా మాట మీదే కదా ఇక్కడిదాకా వచ్చింది. ఒక చిన్న ఉత్తరం చాలు, రెండు ప్రతులు, రెండింటి మీద ఇద్దరి సంతకాలు. ఇలా:

‘ఫలానా ఇంటి నంబరు మొదటి అంతస్తు పోర్షన్‌కు ప్రస్తుత అద్దె నెలకు 8,000. ఇద్దరం మాట్లాడుకుని 2023 ఆగస్టు 1 నుంచి 9,500, 2024 ఆగస్టు 1 నుంచి 11,000గా ఒప్పుకున్నాం. అడ్వాన్స్ పాతదే, మార్పు లేదు. నీళ్ల చార్జీ అద్దెలోనే కలిసి ఉంది. కరెంటు మీటరు ప్రకారం వేరు. ఈ మధ్యకాలంలో వేరే పెంపు ఉండదు.’

చివరి వాక్యం తప్పక రాయండి. కిరాయిదారుకు ఆ కాగితంలో అన్నిటికంటే విలువైనది అదే.

ఇదే అదను అనుకుని 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటే ఇంకా మంచిది. 11 నెలలే ఎందుకంటే, ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ కావాలని అందరూ అనుకుంటారు (మన రాష్ట్ర సవరణ ప్రకారం అంతకంటే తక్కువ కాలం లీజుకూ అవసరమే, వకీలును అడగండి). అందుకే ఊరంతా 11 నెలల దగ్గర ఆగుతుంది. అయితే పాతవాళ్లు అగ్రిమెంటు మాట వినగానే ‘పంపించడానికి దారి వేస్తున్నారు’ అని భయపడతారు. అందుకే అగ్రిమెంటులో వాళ్లకు పనికొచ్చేవి ముందు చూపించండి. రెండువైపులా రెండు నెలల నోటీసు, ఏటా 5 శాతం మించని పెంపు, రిపేర్లలో ఏది ఎవరిది. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు కింద ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ వాడుక. తొమ్మిదేళ్లున్నవాళ్ల దగ్గర, వాళ్లే రెండుసార్లు సున్నం వేయించుకున్న ఇంట్లో, అది పట్టుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. రాయలేదు.

రసీదు అడిగితే ఇవ్వండి. నగదు 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు అంటించాలి. వాళ్లింట్లో ఉద్యోగం చేసే కొడుకో కూతురో అద్దె కడుతూ, పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మినహాయింపు చూపించుకుంటుంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు మీ పాన్ నంబరు అడుగుతారు. చాలామంది ఓనర్లు ఇక్కడ మొహం చాటేస్తారు. మీరు అద్దె పెంచి, పాన్ ఇవ్వనంటే రెండు వైపులా వాళ్లదే నష్టం. అద్దె ఆదాయం ఎలాగూ చూపించాల్సిందే. కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు పోను, ఉన్నదాని మీదే మీకు పన్ను. భయపడేంత లేదు.

ఒప్పుకోకపోతే

పది రోజులయ్యాక ‘కుదరదు’ అనొచ్చు. అప్పుడు అడగాల్సింది ‘ఎందుకు’ కాదు, ‘ఎంతైతే కుదురుతుంది, ఎప్పటి నుంచి’ అని. వాళ్లు చెప్పే అంకె మీ ఖర్చులకు, మీ మనసుకు సరిపోతే తీసుకోండి. పింఛను మీదున్న పెద్దవాళ్ల దగ్గర నేనైతే ఏడాదికి 500తో సర్దుకుంటాను. నెల తిరిగేసరికి జీతం పడే ఇద్దరు ఉద్యోగుల దగ్గర అలా సర్దుకోను. అందరికీ ఒకే కొలత పెట్టడం న్యాయమని నాకనిపించదు.

ఎంతకూ తెగకపోతే, జవాబే ఇవ్వకపోతే, వకీలు ద్వారా 106వ సెక్షన్ కింద నోటీసు పంపడం ఆఖరి మెట్టు. నోటీసు గడువు అయ్యాక వాళ్లు పంపే పాత అద్దెను ఏమీ అనకుండా తీసుకుంటే, నోటీసును మీరే వదులుకున్నట్టు వాదించే వీలుంది. ఆ డబ్బు ఎలా తీసుకోవాలో వకీలును అడిగి చేయండి. కోర్టులో ఎంత కాలం పడుతుందో మీకు తెలిసిందే. వెయ్యి, రెండు వేల తేడా కోసం అక్కడిదాకా వెళ్లొచ్చా అన్నది ఇంటికి తాళం వేసుకుని ఓ గంట ఆలోచించాల్సిన విషయం.

ఏం జరిగినా మోటారు ఆపడం, ఫ్యూజు పీకడం, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చడం మాత్రం వద్దు. చట్టప్రకారం కాకుండా బయటికి పంపినవాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి ఇంట్లోకి రావచ్చు, ఇల్లు మీ పేరు మీదే ఉన్నా సరే.

ఖాళీ చేస్తామంటే

కొందరు లెక్క చూసుకుని, ఊరి చివరకు, నాగారం వైపో ఘట్‌కేసర్ వైపో వెళ్తామంటారు. అది కూడా మర్యాదగానే జరగాలి. నోటీసు కాలంలో టులెట్ బోర్డు పెట్టుకోండి గాని, ఇల్లు చూసేందుకు వచ్చేవాళ్లను వాళ్ల భోజనాల వేళ పైకి పంపకండి. సామాన్లు దింపిన రోజు కరెంటు మీటరు రీడింగు ఫొటో ఇద్దరూ తీసుకోండి. ఆ నెల బిల్లు అంచనా వేసి పట్టుకుని, మిగిలిన అడ్వాన్స్ అక్కడికక్కడే ఇచ్చేయండి. ‘కొత్తవాళ్లు వచ్చాక ఇస్తాం’ అనొద్దు. వాళ్లకు కొత్త ఇంటి అడ్వాన్స్ ఆ రోజే కావాలి. ఆధార్‌లో, గ్యాస్ బుక్కులో, రేషన్ కార్డులో మీ అడ్రసే ఉంటుంది కాబట్టి మార్చుకునేదాకా వచ్చే ఉత్తరాలు తీసి పక్కన పెడతానని చెప్పండి, ఫోన్ నంబరు ఉంచుకోండి.